72 అన్నారు, 60 అన్నాను

"ఫ్లాటుకి పన్నెండు లక్షలు తగ్గించి అడగడానికి నోరెలా వచ్చింది వదినా?" అన్నాడు మా మరిది. అతనికి మొహమాటం ఎక్కువ. ఆటో అతను నూట ఇరవై అంటే నూట ఇరవై ఇచ్చి, దిగేటప్పుడు థాంక్స్ కూడా చెప్పే రకం. నాకు మొహమాటం లేదని కాదు. కానీ చాలా ఏళ్లుగా కూకట్‌పల్లిలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తున్నాను. ఇల్లు అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ ట్యాక్స్ లెక్కల కోసం మా దగ్గరికి వస్తుంటారు. ఫైల్లో చివరికి ఎంతకు తెగిందన్నదే ఉంటుంది. మొదట ఎంత చెప్పారో వాళ్లే కాఫీ తాగుతూ చెబుతారు, సగం గొప్పగా, సగం బాధగా. అవి విని విని, చెప్పిన రేటంటే నాకు భయం పోయింది.

మేం కొన్న ఫ్లాట్ నిజాంపేటలో. 2014లో కట్టిన స్టాండలోన్ అపార్ట్‌మెంట్, మూడో అంతస్తులో 302. 1,180 ఎస్‌ఎఫ్‌టీ, రెండు బెడ్‌రూములు, దక్షిణం ఫేసింగ్. 72 లక్షలు చెప్పారు, అంటే అడుగుకి 6,100. ఇది 2025 వేసవి సంగతి. ఉగాదికి పెట్టిన ప్రకటన జూన్ దాకా అలాగే ఉంది. ఆ ఒక్క విషయం చూసే నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

దానికంటే ముందు, అదే చుట్టుపక్కల 48కే ఒకటి వచ్చింది. మా ఆయన ఎగిరి గంతేశారు. కాగితాలు అడిగితే పంచాయతీ పర్మిషన్ చూపించారు, జీ ప్లస్ టూ, అంటే గ్రౌండ్ ఫ్లోర్ మీద రెండు అంతస్తులే. మేం నిలబడి మాట్లాడుతున్నది నాలుగో అంతస్తులో. "బీఆర్‌ఎస్‌కి అప్లై చేశాం మేడమ్" అంటూ 2015 నాటి రశీదు తీశారు. (పార్టీ కాదు, పర్మిషన్ లేకుండా కట్టినవాటిని క్రమబద్ధం చేసే బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్.) రశీదు ఉంటే పర్మిషన్ ఉన్నట్టు కాదు. అలాంటి ఫ్లాటుకి లోన్ ఇవ్వాలంటే బ్యాంకులు వెనకాడతాయి, రేపు మనం అమ్మబోయినా కొనేవాడికి అదే ఇబ్బంది. దాన్ని నలభైకి ఇస్తామన్నా అది చవక బేరం కాదు. బేరం ఆడాల్సింది కాగితాలు బాగున్న ఇంటి దగ్గర. కాగితాలు బాగోలేని ఇంటి దగ్గర నమస్కారం పెట్టి మెట్లు దిగి వచ్చేయడమే.

302కి పర్మిషన్ ఐదు అంతస్తులకీ ఉంది, ఓసీ (కట్టడం పూర్తయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) ఉంది, లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల నుంచి చేతులు మారిన దస్తావేజులు) వరసగా ఉన్నాయి. 2024 జూలైలో హైడ్రా (చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ) వచ్చిన దగ్గర్నుంచి చెరువు పేరు వింటేనే కొనేవాళ్లకి టెన్షన్. అందుకని హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపు కూడా తెరిచి చూశాను. ప్రగతినగర్ అంబీర్ చెరువు ఎఫ్‌టీఎల్, బఫర్ గీతలు (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు, దాని చుట్టూ కట్టకూడని మేర) ఈ బిల్డింగుకి బాగా దూరంలో ఉన్నాయి. ఇవన్నీ తేలాకే రేటు సంగతి.

ఇక అసలు లెక్క. ఆన్‌లైన్లో పెట్టే రేట్లన్నీ అమ్మేవాళ్లు చెప్పేవి. వాటిని చూసి ఏరియా రేటు ఇంత అనుకుంటే, ఒకరి ఆశతో ఇంకొకరి ఆశని కొలిచినట్టే. నాకు కావాల్సింది అదే బిల్డింగులో, దగ్గర్లో అమ్ముడైన ఫ్లాటు రేటు. వాచ్‌మన్ భార్యని అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేసింది: "పైన నాలుగు వందల రెండు సంక్రాంతి ముందు అరవై నాలుగుకి పోయిందమ్మా." రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో 402 ఈసీ (ఆ ఫ్లాటు మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీశాను. సేల్ డీడ్‌లో విలువ 60 లక్షలు ఉంది, దాని కిందే బ్యాంకుకి టైటిల్ డీడ్స్ డిపాజిట్ చేసిన ఎంట్రీ ఉంది.

ఈసీ చూసేటప్పుడు ఈ చిన్న కిటుకు గుర్తుపెట్టుకోండి. హైదరాబాద్‌లో డాక్యుమెంట్ మీద రాసిన విలువ చాలాసార్లు అసలు రేటు కంటే బాగా తక్కువ ఉంటుంది, అందుకే దాన్ని చూసి మురిసిపోకూడదు. కానీ సేల్ డీడ్ వెంటనే బ్యాంకు ఎంట్రీ ఉంటే కొన్నవాళ్లు లోన్ మీద కొన్నారని అర్థం. లోన్ కావాలంటే విలువ మరీ తగ్గించి రాయలేరు. కాబట్టి ఆ ఎంట్రీ ఉన్న విలువ నిజానికి దగ్గరగా ఉంటుంది. 402లో రాసింది 60, వాచ్‌మన్ భార్య చెప్పింది 64. మధ్యలో నాలుగు ఎలా వెళ్లాయో మీరే ఊహించుకోండి. లిఫ్టులో కలిసినప్పుడు 402 ఆవిడే అన్నారు, వుడ్‌వర్క్‌తో కలిపి అరవై నాలుగు అని.

402 సరిగ్గా 302 మీదే ఉంది. అదే కొలత, అదే ఫేసింగ్. "దక్షిణం అని ఇంకో మూడు తగ్గించు" అని మా మరిది సలహా. (నోరెలా వచ్చిందన్నది కూడా ఇతనే.) నేను ఒప్పుకోలేదు. 402 కూడా దక్షిణమే కదా, ఆ తగ్గింపు 64లోనే ఉంది, ఇంకోసారి తీస్తే దొంగలెక్క అవుతుంది. అమ్మేవాళ్లు ఒక్క దొంగలెక్క పట్టుకున్నారంటే మిగతా నిజం లెక్కలు కూడా నమ్మరు.

తేడా ఉన్నవి రెండే. ఒకటి, 302లో రెండు బాత్రూముల్లోనూ నీళ్లు కిందికి దిగుతున్నాయి. 202 వాళ్ల సీలింగ్ మీద మరకలు నేనే వెళ్లి చూసొచ్చాను. వాటర్‌ప్రూఫింగ్, టైల్స్, పాత వైరింగ్ కలిపి మాకు తెలిసిన మేస్త్రీ రెండున్నర లక్షలన్నాడు. రెండు, కారు పార్కింగ్. సెల్లార్లో మన కారు ముందు ఇంకొకరి కారు ఉంటుంది. పొద్దున్నే ఆఫీసుకి వెళ్లాలంటే పై అంతస్తుకి ఫోన్ చేసి "సార్, కారు తీస్తారా" అని అడుక్కోవాలి. 402కి విడి పార్కింగ్ ఉంది. దానికి లక్షన్నర వేశాను. 64లోంచి నాలుగు పోతే 60.

ఈ 60కి ఇంకో లెక్క కూడా ఉంది, అది కాగితం మీద రాయలేదు. మా గరిష్ఠం 66. అది మా ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు, మా అత్తయ్యకి కూడా చెప్పలేదు (ఆవిడ గుళ్లో కూడా చెప్పేస్తారు). ఏ మీడియేటరైనా చివరికి చేసేది ఒకటే: "ఇద్దరూ మధ్యలోకి రండి" అంటాడు. 72కీ 60కీ మధ్య 66. మొహమాటపడి 66 అనే మొదలుపెట్టి ఉంటే మధ్య 69 అయ్యేది. మొదటి మాట ఎంత ముఖ్యమో ఈ కూడికే చెబుతుంది.

లక్ష రెండు లక్షల కోసం ఇంత పట్టుదలా అనేవాళ్లకి ఒక లెక్క. 7.9 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల లోన్ అయితే ఒక్కో లక్షకి నెలకి 830 రూపాయలు కట్టాలి. ఇరవై ఏళ్లకి దాదాపు రెండు లక్షలు. అంటే ఈ రోజు నోరు తెరిచి లక్ష తగ్గించుకుంటే రెండు లక్షలు మిగిలినట్టు. దాని మీద తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం. లక్ష తగ్గితే అక్కడా ఏడున్నర వేలు తగ్గుతాయి.

మీడియేటర్ ఫోన్లో రేటు తేల్చేద్దామన్నాడు. నేను కూర్చుని మాట్లాడదామన్నాను. ఫోన్లో అంకె మాత్రమే వెళ్తుంది, దాని వెనక లెక్క వెళ్లదు. ఆషాఢం వచ్చాక వెళ్లాం. ఆషాఢంలో అడ్వాన్సులు ఇవ్వరు, తీసుకోరు, కొనేవాళ్ల సందడి ఉండదు. మాట మాట్లాడుకోవడానికి మాత్రం అడ్డేమీ లేదు.

302 అమ్ముతున్న సార్ రిటైరయ్యారు. ఇల్లు శుభ్రంగా, పద్ధతిగా ఉంది. ఆంటీ కాఫీ తెచ్చారు. బాల్కనీలోకి గాలి బాగా వస్తోందన్నాను, నిజంగానే వస్తోంది. వాళ్లు పదకొండేళ్లు బతికిన ఇంట్లో కూర్చుని, గోడల రంగు బాగోలేదనీ కిచెన్ పాతబడిందనీ అనడం నాకు నచ్చదు. దాని వల్ల రేటు తగ్గదు, వాళ్ల మనసు విరుగుతుంది, అంతే.

"వుడ్‌వర్క్‌కే తొమ్మిది లక్షలు పెట్టానమ్మా" అన్నారు సార్.

"కనిపిస్తోంది సార్" అని, నా కాగితం బల్ల మీద పెట్టాను. 402 రేటు, బాత్రూములు, పార్కింగ్, కింద 60.

చూశారు. కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకుని చూశారు. "అరవయ్యా? ఊరికే ఇచ్చేయమంటారా ఏంటి?"

"ఇందులో ఏ అంకె తప్పో చెప్పండి సార్, మారుస్తాను."

"అంకెలు కాదమ్మా. డెబ్బై కంటే తగ్గేది లేదు."

డెబ్బై రెండు డెబ్బై అయింది. ఆయన గమనించలేదు, మా ఆయన గమనించి దగ్గారు. కాగితం అక్కడే వదిలేసి లేచాం. వెళ్లేటప్పుడు ఆంటీ, "మీరు ఏమీ అనుకోకండమ్మా, ఆయన అంతే" అన్నారు. ఆ మాటతో నాకు అర్థమైంది, ఈ బేరంలో మాట్లాడాల్సింది ఎవరితోనో.

తరవాత నేను ఫోన్ చేయలేదు. మీడియేటర్ చేశాడు. ఇంకో పార్టీ డెబ్బైకి రెడీగా ఉన్నారన్నాడు. చాలా సంతోషం, ఇచ్చేయమనండి అన్నాను. రెండోసారి రిజర్వ్ బ్యాంకుని తెచ్చాడు. జూన్‌లో రెపో రేటు అర శాతం తగ్గించి 5.5కి తెచ్చారు, ఇక కొనేవాళ్లు ఎగబడతారు మేడమ్, రేట్లు పెరుగుతాయి అని. వడ్డీ తగ్గిన మాట నిజమే. కానీ అదే వడ్డీ తగ్గిందని గేటెడ్ కమ్యూనిటీ కొత్త ఫ్లాట్ల వాళ్లూ ఫోన్లు చేస్తున్నారు. పదకొండేళ్ల స్టాండలోన్ అపార్ట్‌మెంట్‌కి మంది ఎగబడటం నాకేమీ కనిపించలేదు. ఆ డెబ్బై పార్టీ ఏమయ్యారో ఇప్పటికీ తెలియదు.

మూడో ఫోన్‌కి అసలు సంగతి బయటపడింది. సార్ వాళ్లు తెల్లాపూర్‌లో కొత్త ఫ్లాట్ బుక్ చేశారు. బిల్డర్‌కి వినాయక చవితి లోపు పెద్ద వాయిదా కట్టాలి. గృహప్రవేశం కార్తీకంలో. ఇది అమ్మితేనే అది.

మళ్లీ కూర్చున్నాం. ఈసారి సార్ 68 అన్నారు, కానీ ఒక షరతు: డాక్యుమెంట్ 45కి రాసి మిగతాది క్యాష్. ఇక్కడ మా ఆఫీసు అనుభవం పనికొచ్చింది. కోపం తెచ్చుకోకుండా, నీతులు చెప్పకుండా లెక్క చెప్పాను. 30 నుంచి 75 లక్షల లోపు లోన్లకి బ్యాంకు విలువలో 80 శాతం దాకా ఇస్తుంది. 45కి రాస్తే మాకు వచ్చేది 36. మిగతా 32 లక్షలు ఎక్కడి నుంచి తేవాలి? మా దగ్గర ఉన్నదంతా ఊడ్చినా 22. పైగా ఇల్లు అమ్మేటప్పుడు ఇరవై వేలు, అంతకు మించి క్యాష్ తీసుకుంటే, తీసుకున్నవాళ్లకే అంత మొత్తమూ పెనాల్టీ పడుతుంది. ఆఖరిది ముఖ్యం: "సార్, బిల్డర్‌కి మీరు చెక్కే కదా కట్టాలి? ఈ ఇల్లు అమ్మిన లాభాన్ని గడువులోగా ఇంకో ఇంటిలో పెడితే దాని మీద ట్యాక్స్ ఉండదు. మీరు ఆ పనే చేస్తున్నారు. మరి ఈ క్యాష్‌తో మీకేం పని?" సార్ కాసేపు మాట్లాడలేదు. వాళ్లబ్బాయికి ఫోన్ చేశారు, వాళ్ల ఆడిటర్‌నీ అడిగారు. మర్నాడు ఆ షరతు పోయింది.

(పూర్తిగా వైట్ అన్నప్పుడు కొనేవాళ్లు చూసుకోవాల్సింది ఒకటుంది. ప్రభుత్వ విలువ (రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టే విలువ) బేరమాడి తగ్గించిన ధర కంటే పది శాతానికి మించి ఎక్కువైతే, ఆ తేడాని కొన్నవాళ్ల ఆదాయంగా లెక్కేస్తారు. మాకు ప్రభుత్వ విలువ బాగా కిందే ఉంది కాబట్టి ఆ బాధ లేదు. అమ్మేవాళ్లు ఎన్నారై అయితే టీడీఎస్ (కొన్నవాళ్లు ధరలోంచి పట్టుకుని ప్రభుత్వానికి కట్టే ట్యాక్స్) లెక్కే వేరు, ఒక్క శాతంతో పోదు. అది తేలకుండా రేటు మాట్లాడకండి.)

ఇక 68కీ మా 64కీ మధ్య ఆగింది. అప్పటికి 60 నుంచి 64కి ఎలా వచ్చానంటే, బాత్రూముల ఖర్చు, పార్కింగ్ తగ్గింపు వదిలేసుకుని 402 రేటుకి వచ్చాను. ఇంకా పైకి రావాలంటే నాకో కారణం కావాలి. ఆంటీతో వంటింట్లో మాట్లాడుతుంటే ఆవిడ బాధ వేరే అని తెలిసింది. దసరాకి రిజిస్ట్రేషన్ అయితే కార్తీకం దాకా ఎక్కడ ఉండాలి? రెండు నెలల కోసం అద్దె ఇల్లెవరిస్తారు? సామాను రెండుసార్లు దించడం, ఎక్కించడం, ఆయన మోకాళ్లు చూస్తే అలా ఉన్నాయి.

"రిజిస్ట్రేషన్ అయ్యాక కూడా మీరు ఇక్కడే ఉండండి ఆంటీ. కార్తీకం వెళ్లేదాకా. అద్దె వద్దు" అన్నాను.

ఆవిడ నా వంక చూసి, హాల్లోకి వెళ్లి, "ఏమండీ, ఒకసారి ఇలా రండి" అన్నారు. వాళ్లు బెడ్‌రూములో మాట్లాడుకున్నారు. వచ్చి 66 అన్నారు సార్. మా గరిష్ఠం అదే. తల ఊపేయొచ్చు. కానీ అగ్రిమెంట్ రాసిన వారంలో పది లక్షలు ఇస్తాం, మీ బిల్డర్ వాయిదాకి సరిపోతుంది, అరవై అయిదున్నర చేయండి, ఏసీలు, ఇన్వర్టర్ వదిలేయండి అన్నాను. "ఆడిటరమ్మ వదలదు" అని నవ్వారు సార్. అంతే, తెగింది.

ఆ రెండు నెలలు మాకు ఖర్చయింది మా అద్దె, 34 వేలు. దానికి బదులు 68లోంచి రెండున్నర లక్షలు తగ్గాయి. అమ్మేవాళ్లకి ఏం కావాలో డబ్బుల్లో మాత్రమే వెతికితే ఇది దొరికేది కాదు.

అయితే ఇలా ఉండనివ్వడం కళ్లు మూసుకుని చేయకండి. ఫలానా తేదీకి ఖాళీ చేస్తామని స్టాంపు పేపరు మీద రాయించుకున్నాం. సెక్యూరిటీగా రెండు లక్షల చెక్కు వాళ్లే ఇచ్చారు. పది లక్షల అడ్వాన్సుకి ముందు లాయరు చేత కాగితాలన్నీ చూపించాం. టైటిల్ వల్ల బ్యాంకు లోన్ ఆగితే అడ్వాన్సు మొత్తం వెనక్కివ్వాలని అగ్రిమెంట్‌లో క్లాజు పెట్టించాం. సార్ దానికి కొంచెం నొచ్చుకున్నారు. "నా కాగితాల మీద అనుమానమా?" అన్నారు. అనుమానం లేదు సార్, బ్యాంకు మీద నమ్మకం లేదు అన్నాను.

టీడీఎస్ దగ్గర ఇంకోసారి చిన్న గొడవ. యాభై లక్షలు, ఆపైన అయితే కొన్నవాళ్లు ఒక శాతం పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. మా 65.5కి 65,500. "ఇదేంటి, చివర్లో మళ్లీ బేరమా?" అన్నారు సార్. అది మా జేబులోకి రాదు, మీ పాన్ మీదే కనిపిస్తుంది, రిటర్ను వేసేటప్పుడు మీకే లెక్కలోకి వస్తుందని టీడీఎస్ కట్టిన 26క్యూబీ రశీదు చూపించాక ఊరుకున్నారు. ఈ మాట బేరం కుదిరిన రోజే చెప్పేస్తే మంచిది.

మొత్తం మీద 52 లక్షల 40 వేలు లోన్, 13 లక్షల 10 వేలు మా చేతిది, రిజిస్ట్రేషన్‌కి 4 లక్షల 91 వేల పైన. మీడియేటర్ ఒక శాతం అడిగాడు. లేని డెబ్బై పార్టీని గుర్తుచేసి, యాభై వేలకి ఒప్పించాను. బాత్రూములు మాత్రం మేస్త్రీ చెప్పిన రెండున్నరలో కాలేదు, మూడు లక్షల పది వేలు అయింది. కింద 202 వాళ్ల సీలింగ్‌కి రంగు కూడా మేమే వేయించాల్సి వచ్చింది.